మెట్ల మీద నుంచి వైద్యం

మైకు డాక్టరుగారు ఎవరి రహస్యమైనా కడుపులో దాచుకోగలరు, ఒక్క మచ్చ పేరు తప్ప. ఎదుటివాళ్ళ ఒంటిమీద ఎర్రగానో నల్లగానో ఏదైనా కనబడితే చాలు, అది తామరో, దద్దురో, మంగో అక్కడికక్కడే తేల్చి వీధి చివరిదాకా వినపడేలా ప్రకటిస్తారు. చర్మాల డాక్టరుకి చూపు చురుగ్గా ఉండటం మంచిదే. కానీ దేవుడు ఆ చూపుని తిన్నగా గొంతుకి కలిపేసి, మధ్యలో గేటు పెట్టడం మరిచిపోయాడు. ఊరు ఆయన అసలు పేరు వదిలేసి మైకు తగిలించింది.

ఆ గొంతు కింద అందరికంటే ఎక్కువ నలిగింది ఆయన అన్నగారి కూతురు. బాబాయి క్లినిక్కు మేడ మీద, ఆమె బ్యూటీ పార్లరు సరిగ్గా దాని కింద. పైన డాక్టరు, కింద పార్లరు, ఇంటివాళ్ళం కదా బేరం కలిసొస్తుందని ఆశపడి అక్కడ కొట్టు పెట్టింది. ఆయన మెట్లు దిగాలంటే పార్లరు అద్దాల తలుపు ముందు నుంచే దిగాలి. కొరివితో తల గోక్కున్నానని ఆమెకి మొదటి నెలలోనే తెలిసొచ్చింది.

ఆ నెలలోనే ఒక హెడ్మిస్ట్రెస్ గారు బుగ్గల మీది మచ్చలు పోగొట్టుకుందామని బంగారు ఫేషియలుకి కూర్చున్నారు. ముద్ద సగం మొహానికి పట్టించేసరికి తలుపు సందులోంచి గొంతు దూసుకొచ్చింది.

"అవి మంగు మచ్చలమ్మా! రెండు బుగ్గల మీదా ఒకేలా, ఒకే రంగులో ఉన్నాయి చూడండి! ముందు ఎండ తగలకుండా చూసుకోండి. పైకొస్తే మందు రాసిస్తాను. బంగారం పూస్తే మచ్చలు పోవు, బంగారమే పోతుంది!"

హెడ్మిస్ట్రెస్ గారు ఆ సగం ముద్దతోనే లేచి మేడెక్కారు.

"బాబాయ్! నా కడుపు కొట్టడానికేనా మీరు డాక్టరు చదివింది?"

"నీ కడుపు సంగతి నాకెందుకే, నేను ఆవిడ బుగ్గ సంగతి చెప్పాను."

మర్నాడే ఆమె తలుపుకి మందపాటి కర్టెను కట్టించింది. కర్టెను కింద జానెడు ఖాళీ మిగిలింది. ఆయనకి అది చాలు.

"ఆ మడమ ఎవరిదోగానీ, అవి దోమకాట్లమ్మా! గోకకు! గోకావంటే ఎరుపు పోయి నల్ల మచ్చలు మిగుల్తాయి!"

బ్యాంకులో చేసింది మరీ దారుణం. మేనేజరు గారు ఎండాకాలంలో కూడా చొక్కా పైగుండీ పెట్టుకుని తిరుగుతుంటే జనం ఆయన్ని పద్ధతైన మనిషి అనుకునేవారు. ఆయన ఒకరోజు వంగి సంతకం పెడుతుండగా కాలరు కాస్త జరిగింది.

"తామర!" అన్నారు డాక్టరుగారు క్యూలోంచి. "గుండ్రంగా ఉంది, అంచు ఎర్రగా ఉంది, మధ్యలో తేటపడింది. ఏం రాస్తున్నారు?"

"మా బావమరిది ఏదో ట్యూబు ఇచ్చాడండీ... కాస్త మెల్లగా..."

"మెల్లగా కాదు, ఇవాళే మానెయ్యండి! ఆ ట్యూబు రాస్తే ఎరుపు తగ్గినట్టే తగ్గి, తామర చాటున పాకుతుంది!"

క్యూ మొత్తం ఒక అడుగు వెనక్కేసింది. ఆ అడుగు వేసినవాళ్ళలో సగంమంది సాయంత్రం ఎవరి బావమరిది ఇచ్చిన ట్యూబు వాళ్ళు జేబులో పెట్టుకుని క్లినిక్కుకి వచ్చారు. మన జనం అలాంటివాళ్ళే. ఒంటికి ఏదైనా వస్తే ముందు బావమరిదిని అడుగుతారు, తర్వాత పక్కింటావిడని, ఆ తర్వాత టూత్‌పేస్టు పూస్తారు. చర్మం ఊడొచ్చాక డాక్టరు గుర్తొస్తాడు.

ఒక పెళ్ళి విందులోనూ అంతే. పెళ్ళికొడుకు మెడ మీద తెల్లటి మచ్చలు చూసి ఆడపెళ్ళివారు తినడం ఆపి గుసగుసలు మొదలుపెట్టారు. చేతులు కడుక్కునే పంపు దగ్గర్నుంచి ఈయన అందుకున్నారు.

"బొల్లి కాదండీ, శోభి! గీరితే సన్నగా పొట్టు రాలుతుంది! మందు రాస్తే పోతుంది! ఆ మాటకొస్తే బొల్లి అయితే మాత్రం ఏం, అంటుకుంటుందా, కరుస్తుందా? అన్నం తినండి!"

పెళ్ళి ఆగలేదు. రెండు వైపులవాళ్ళూ అప్పటిదాకా ఒక్క విషయంలోనూ ఒప్పుకోలేదుగానీ, ఈయన్ని ఇంకెప్పుడూ పిలవకూడదన్న విషయంలో ఒక్కమాట మీద నిలబడ్డారు.

చివరికి అన్నగారి కూతురు తెగించి మేడెక్కింది.

"మచ్చ దాచుకుందామని జనం నా దగ్గరికొస్తారు. మీరేమో దండోరా వేస్తారు. ఇంకొక్కసారి అరిచారంటే కొట్టు ఎత్తేస్తాను బాబాయ్."

"దాచుకుని ఏం చేస్తారే? అద్దం ముందు కూర్చుని, అదేదో ప్రాణం తీసే జబ్బనుకుని కుమిలిపోతారు. పేరు చెప్పేస్తే ఆ బెంగ తీరుతుందిగా?"

"చెవిలో చెప్పొచ్చుగా?"

"డాక్టరు చెవిలో చెబితే ఇంకా భయపడతారు."

ఆమెకి అది వట్టి వితండవాదంగా తోచింది. వేరే వీధిలో గది వెతకడం మొదలుపెట్టింది.

అలా వెతుకుతున్న రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, గాలి ఆడటంలేదని కర్టెను పక్కకి కట్టేసి, కాలు స్టూలు మీదికి చాపుకుని కొత్తగా వచ్చిన పాదాల క్రీము రాసి చూసుకుంటోంది. ఎదురుగా బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు. బాబాయి మెట్లు దిగుతూ ఆగారు. ఆయన చూపు ఆమె అరికాలి మీద పడింది. అక్కడ గింజంత నల్ల మచ్చ ఉంది. ఇవాళ నా వంతు అనుకుని ఆమె చెవులు మూసుకోబోయింది.

అరుపు రాలేదు. ఆయన లోపలికొచ్చి, వంగి, ఆ మచ్చని పరీక్షగా చూశారు.

"ఇది ఎప్పట్నుంచమ్మా?" గొంతు పిల్లి నడిచినట్టుంది.

"చెప్పు ఒరుసుకుందేమో బాబాయ్. ఈ మధ్య కాస్త పెద్దదైంది."

"ఊఁ..." ఆయన నిటారుగా నిలబడి చుట్టూ చూశారు. "గోడల రంగు బావుందే. రేపు పెద్దాసుపత్రిలో నా స్నేహితుణ్ణి చూడాలి, ఒక్కణ్ణే పోవాలంటే బద్ధకంగా ఉంది. తోడు రాకూడదూ?"

ఆమెకి ఏనుగెక్కినంత సంబరమైంది. కొట్టు కట్టేసి తిన్నగా పిన్ని దగ్గరికి పరిగెత్తింది.

"పిన్నీ, బాబాయి మారిపోయారు! నా అరికాలి మీద నల్లమచ్చ చూసి కూడా కిక్కురుమనలేదు!"

బట్టలు మడతపెడుతున్న పిన్ని చెయ్యి ఆగిపోయింది. "అరవలేదా? అసలేమీ అనలేదా?"

"గోడల రంగు బావుందన్నారు."

"గోడల రంగా!" పిన్ని కుర్చీలో కూలబడింది. "మన పైపులు బాగుచేసే అతన్ని చూసి కూడా ఇలాగే, నీ పనిముట్లు భలే ఉన్నాయే అన్నారు. మర్నాడు తోడు రమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళారు."

"ఆ తర్వాత?"

"ఆపరేషను చేశారు. ఇప్పుడు దుక్కలా ఉన్నాడులే. మీ బాబాయి అరిచారంటే అది పోయే మచ్చేనే. అరవకపోతేనే..." అని పిన్ని నాలిక కరుచుకుంది.

ఆమె కాలు పైకెత్తి మచ్చని చూసుకుంది. హెడ్మిస్ట్రెస్ గారి బుగ్గ, మేనేజరు గారి మెడ, పెళ్ళికొడుకు మచ్చలు అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఆయన అరిచిన ప్రతి అరుపూ ‘భయంలేదు పొండి’ అనే అరుపేనన్నమాట. ఇన్నాళ్ళూ దాన్ని తిట్టుకుంది.

మర్నాడు స్నేహితుడైన డాక్టరు మచ్చని చుట్టూ కొంత చర్మంతో సహా తీసి పరీక్షకి పంపించారు. ఫలితం వచ్చేదాకా బాబాయి రోజూ ఇంటికొచ్చి, "మందు వేసుకున్నావా తల్లీ" అని పావురంలా పలకరించారు.

"మీకు దణ్ణం పెడతాను, మెల్లగా మాట్లాడకండి బాబాయ్. నాకు ప్రాణం పోతోంది."

"సరేనమ్మా," అన్నారాయన ఇంకా మెల్లగా.

ఫలితం వచ్చినరోజు స్నేహితుడు కాగితం పక్కన పెట్టి చెప్పారు. "చెడ్డ మచ్చే, కేన్సరుదే. కానీ మొదట్లోనే దొరికింది. మొత్తం వచ్చేసింది. అప్పుడప్పుడు వచ్చి చూపించుకుంటే చాలు."

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కళ్ళజోడు శుభ్రంగానే ఉంది.

నర్సు కట్టు విప్పింది. ప్లాస్టరు ఉన్నచోట ఎర్రగా కందిపోయి ఉంది. "ఇదేంటి బాబాయ్? ఇది కూడా...?"

ఆయన వంగి చూశారు. ఛాతీ నిండా గాలి పీల్చారు.

"ప్లాస్టరు నీ ఒంటికి పడలేదు! జిగురు అంటిన మేరకే ఎరుపు! దురద పెట్టడంలేదూ? నాలుగు రోజుల్లో పోతుంది!"

వరండాలో ట్రే కింద పడ్డ చప్పుడైంది. పక్కగదిలో పసిపిల్ల లేచి ఏడ్చింది. "ఇది ఆసుపత్రిరా బాబూ, నెమ్మది!" అని స్నేహితుడు చెవులు మూసుకున్నారు.

"ఉండండి, ఆయన్ని ఆపకండి," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "ఏమన్నారు బాబాయ్? సరిగ్గా వినపళ్ళేదు. ఇంకోసారి చెప్పరూ?"

ఆయన ఇంకోసారి చెప్పారు. ఈసారి కింది అంతస్తువాళ్ళకి కూడా తెలిసింది.