పెద్ద చెరువు మీద అల్మోరియా దావా

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నాకు ఒక ఏడాది సబాటికల్ మంజూరైంది. పాఠాలు పక్కనపెట్టి పరిశోధన చేసుకొమ్మని విశ్వవిద్యాలయం జీతంతో ఇచ్చే సెలవు అది. నేను బోధించేది అంతర్జాతీయ న్యాయశాస్త్రం. మొదటి సగం నెదర్లాండ్స్‌లో, ఫిన్లండ్‌లో తిరిగి, సరిహద్దు సరస్సుల మీద దేశాల మధ్య కుదిరిన ఒప్పందాలు చదివాను. మిగతా సగం పుస్తకం రాసుకోవడానికి ఇబ్రహీంపట్నంలో అన్నయ్య ఇంటికి చేరాను.

ఆ వానాకాలంలోనే ఒక అంతర్జాతీయ మూట్ కోర్టు పోటీకి నన్ను ప్రధాన మధ్యవర్తిగా నియమించారు. మూట్ కోర్టులో న్యాయ విద్యార్థులు ఒక కల్పిత వివాదం మీద అసలు లాయర్లలాగే వాదిస్తారు. ముగ్గురు మధ్యవర్తులు విని తీర్పు చెబుతారు. సెమీఫైనల్ శనివారం సాయంత్రం, ఆన్‌లైన్‌లో. కెన్యా జట్టు అల్మోరియా అనే దేశం తరఫున, బ్రెజిల్ జట్టు బెర్సానియా అనే దేశం తరఫున వాదించాలి. రెండు దేశాలూ భూమ్మీద లేవు. వాటి సరిహద్దులో ఒక చెరువు, దాని చేపల కోసం తగాదా.

ముందురోజు ఒక సహోద్యోగితో ఫోన్లో, "చెరువు అల్మోరియాకు పోతుందో లేదో రేపు తేల్చేస్తా" అన్నాను. హాల్లో బియ్యం ఏరుతున్న మా వదిన సుగుణ విన్నది. చేపలమ్మే అంజమ్మ రాగానే ఆ మాట చెప్పింది. అంజమ్మ భర్త జంగయ్య ఊరి పెద్ద చెరువులో చేపలు పట్టేవాళ్లకు పెద్ద.

శనివారం కెన్యా అమ్మాయి వాదన మంచి ఊపులో ఉండగా నా గది తలుపు తోసుకుని జంగయ్య వచ్చాడు. వెనక మరో అయిదారుగురు. ఒకరి భుజాన వల కూడా ఉంది.

"అక్కా, చెరువు ఎవ్వరికీ ఇయ్యకు. మొన్ననే చేపపిల్లల ఇడిసినం" అన్నాడు.

"ఇది మన చెరువు కాదు జంగయ్యా, ఉత్తుత్తి కేసు" అన్నాను.

"ఉత్తుత్తి కేసుకు గింతమంది కోట్లేసుకుని కూసుంటరా? అల్మోరియా అంటె బొంగులూరు కాడ పడ్డ కొత్త ప్లాట్ల వెంచరే గదా?"

మైకు తెరిచే ఉంది. ఫిన్లండ్ మధ్యవర్తి, ఎన్నడూ నవ్వని మనిషి, ఈయన ఎవరని అడిగాడు. చెప్పాను. వివాదంలో ప్రయోజనం ఉన్న మూడో పక్షం జోక్యం కోరవచ్చని నిబంధనల్లో ఉందని ఆయన గంభీరంగా గుర్తుచేశాడు. ఘనా నుంచి కూర్చున్న మూడో మధ్యవర్తి చప్పున కెమెరా ఆపేసుకుంది. భుజాలు అదరడం అప్పటికే అందరం చూశాం.

కెన్యా జట్టు అభ్యంతరం చెప్పింది: ఈ వ్యక్తి కేసు పత్రాల్లో లేడు. బ్రెజిల్ కుర్రాడు చురుకైనవాడు. జంగయ్య బెర్సానియా పౌరుడని, తరతరాలుగా ఆ చెరువులో చేపలు పడుతున్నాడని, తమ సాక్షిగా స్వీకరించాలని కోరాడు. నేను అనువదించి జంగయ్యను అడగక తప్పలేదు.

"బెర్సానియానా? నాది ఇబ్రహీంపట్నం. రేషన్ కార్డుంది. తెచ్చి సూపియ్యాల్నా?"

అదే ఇంగ్లీషులో చెప్పాను. బ్రెజిల్ జట్టు తమ సాక్షిని ఉపసంహరించుకుంది.

అయినా జంగయ్య కదల్లేదు. చివరికి ముగ్గురం కలిసి ఒక మధ్యంతర ఉత్తర్వు చదివాం: ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఈ వివాదంలో భాగం కాదు. నా ఒక్కదాని మాట జంగయ్యకు సరిపోలేదు. "గా తెల్లసారు నోటితోని ఇనాలె" అన్నాడు. ఫిన్లండ్ మధ్యవర్తి నా వెనకే పలుకుతూ, "పెద్ద షెరువు... కాదు" అన్నాడు. వచ్చినవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

వెళ్లిపోతారనుకున్నాను. తీర్పు విని పోతామని నేలమీద కూర్చున్నారు. వదిన చాయ్ పెట్టింది. గంటన్నర తర్వాత కెన్యా జట్టు గెలిచిందని ప్రకటిస్తే జంగయ్య మొహం మాడ్చుకున్నాడు. సాక్షిగా పిలిచినందుకు అతనికి బ్రెజిల్ కుర్రాడి మీద అభిమానం కలిగిందట.

"పాపం పిలగాడు మస్తు మాట్లాడిండు. అప్పీలు లేదా అక్కా?"

లేదన్నాను.

న్యాయపీఠం ముందుగా తన అధికార పరిధిని ప్రకటించాలని ఎన్నో ఏళ్లు పాఠం చెప్పాను. ఎవరికి ప్రకటించాలో మాత్రం ఏ పాఠ్యపుస్తకంలోనూ స్పష్టంగా లేదు. కక్షిదారులకు చెబితే సరిపోదు, గోడ అవతల వినేవాళ్లకు కూడా, వాళ్ల భాషలోనే చెప్పాలి. గది తలుపుకు గడియ కూడా పెట్టుకోవాలి.