పదకొండో బండ

మా పిన్ని కొడుకును ఊళ్ళో అందరూ ‘చెవి’ అంటారు. అతని చెవులేమీ పెద్దవి కావు. ముప్పయ్యారేళ్ళుగా పొద్దున్నే సైకిలెక్కి, వీధివీధికీ తిరిగి కుళాయి నీళ్ళు వదలడం అతని పని. భుజాన ఎప్పుడూ ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. ఒక కొస నేలకూ, రెండో కొస చెవికీ ఆనించి, కింద గొట్టంలో నీళ్ళు పారుతున్నాయో ఆగాయో చెప్పేసేవాడు. పేరు అలా వచ్చింది.

నేను ఊరు విడిచి నలభై ఏళ్ళు. నీళ్ళు చాలక రాజధానులనే వదిలేసి పోయిన రాజుల గురించి చదివాను. ఆ శిథిలాల్లో నిలబడి ఫోటోలు కూడా దిగాను. మా వీధికి నీళ్ళు ఎటునుంచి వచ్చేవో మాత్రం ఎన్నడూ అడగలేదు.

మొన్న వెళ్ళేసరికి చెవి చిక్కులో ఉన్నాడు. వయసు దాటినా, గొట్టాల దారి ఇంకెవరికీ తెలియదని నీళ్ళ ఆఫీసువాళ్ళు అయిదేళ్ళు అట్టేపెట్టుకున్నారు. ఈ శుక్రవారంతో అదీ సరి. ఈలోగా మా పాత వీధికి సిమెంటు రోడ్డు వేసినవాళ్ళు వాల్వు మూత మీదుగా పోసుకుంటూ పోయారు. సగం మూసిన వాల్వు అలాగే కింద ఉండిపోయింది. దిగువ వీధికి మూడు వారాలుగా నీళ్ళు దారంలా వస్తున్నాయి. వాల్వు ఎక్కడుందో ఏ కాగితం మీదా లేదు, చెవికి తెలిసిన గుర్తులన్నీ సిమెంటు కింద పోయాయి. కడ్డీతో విందామంటే చెవికి ఇప్పుడు వినబడదు. ఆ సంగతి ఇంకా ఇల్లు దాటలేదు.

మరదలు గ్లాసు అందిస్తూనే మొదలుపెట్టింది.

“బావగారూ, దిగువ వీధి టీచరమ్మ ఏమందో విన్నారా? ‘రిటైరయ్యే రోజున ఖాళీ బిందె బోర్లించి మరీ సన్మానం చేస్తాం’ అందిట! ఈయన అన్నం సరిగ్గా తిని మూడు రోజులైంది.”

“ఏమంటోంది అన్నయ్యా? బిందె సంగతేనా?” అన్నాడు చెవి.

“ఆ మూత మా గుమ్మానికి పదకొండు గెంతులురా!” అని అరిచాను. మెట్టు దిగి ఒంటికాలి మీద ఆ మూత దాకా గెంతడం మా చిన్నప్పటి ఆట.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. మా ఇల్లు ఇప్పుడు జిరాక్స్ షాపు. మెట్టు మాత్రం పాతదే. నేను దర్జాగా పదకొండు అంగలు వేసి, ఇక్కడే అన్నాను. గంటసేపు తవ్వితే మట్టి వచ్చింది.

“పెద్దాయనా, రోడ్డు కొత్తదండీ. మీకు గుర్తొచ్చిన చోటల్లా తవ్వేస్తే ఎలా?” అన్నాడు షాపతను.

ఒక్క గొయ్యికే ఒప్పుకుని మాతో వచ్చిన నీళ్ళ ఆఫీసు ఇంజనీరు వాచీ చూసుకున్నాడు. చెవి మాత్రం నవ్వాడు.

“పదకొండు సరే అన్నయ్యా, ఎవరి కాలితో కొలిచావు? అప్పుడు నీకు ఎనిమిదేళ్ళు. పైగా మనం రోడ్డు మీద గెంతామా? ఈ కాలవ బండల మీద కదూ! అతుకు మీద కాలు పడితే అవుట్. ప్రతిసారీ నువ్వే అవుటయ్యేవాడివి.”

నిజమే. గెంతుకో బండ. పదకొండో బండ మీంచి రోడ్డు వైపు దూకితే మూత. కాలవ మీద ఆ బండలు ఇప్పటికీ ఉన్నాయి. లెక్కపెడితే పదకొండోది నా గొయ్యికి మూడు గజాలు వెనక తేలింది. ఊళ్ళు తిరిగిన కాళ్ళు కదా, అంగ బాగా సాగింది.

“ఇదే ఆఖరు,” అన్నాడు ఇంజనీరు.

కాసేపటికి గునపం ఖంగుమంది. చెవి మా మొహాలు చూసి తెలుసుకున్నాడు. మూత ఎత్తి, వాల్వు తిప్పే పొడుగాటి తాళం దించి, పదమూడు చుట్లు తిప్పాడు. అలవాటుగా కడ్డీ చెవికి ఆనించాడు. వీధంతా చూస్తోంది. కడ్డీ దించి నా చేతికిచ్చాడు.

“నాకు వినబడి ఏడాదైంది. నువ్వు విను అన్నయ్యా,” అన్నాడు అందరి ముందూ.

ముందు నా గుండె చప్పుడే వినిపించింది. తర్వాత ఎవరో చాప ఈడ్చుకుపోతున్నట్టు ఒక చప్పుడు.

“వెళ్తోందిరా,” అని గట్టిగా అంటూ తలూపాను. “ఎటో మాత్రం నాకు తెలీదు.”

“దిగువకే. దానికి ఇంకో దారి లేదు,” అన్నాడు.

శుక్రవారం ఆఫీసులో నాలుగు మంచి మాటలు చెప్పి పంపించారు. బిందె తెస్తానన్న టీచరమ్మ రాలేదు. అది వాళ్ళ వీధికి కుళాయి వచ్చే వేళట.