ముర్రుపాల చుక్క

రేపల్లెలో కనకరత్నం ఉండే వీధిలో ఆవిడ చేతి తేనె నాకని పిల్లలు తక్కువ. పుట్టగానే తొలి రుచి ఎవరి వేలితో తగిలితే బిడ్డకు వాళ్ళ బుద్ధులు వస్తాయని అక్కడి నమ్మకం. కనకరత్నానికి కోపం రాదు. చావింట్లో కూడా నలుగురినీ నవ్వించి నాలుగు ముద్దలు తినిపించగలదు. అందుకే పురుడొచ్చిన ప్రతి ఇంటి నుంచీ కబురొచ్చేది. కోటయ్య మనవడొక్కడే ఎప్పుడూ మూతి ముడుచుకుని తిరిగేవాడు. ఎవరైనా అడిగితే, వాడికి తేనె పెట్టిన రోజు తనకు తలనొప్పిగా ఉందని సర్దిచెప్పేది.

ఆవిడకు తెలిసిన జబ్బు ఒక్కటే, వేడి. కళ్ళు మండినా వేడే, జుట్టు రాలినా వేడే. ఏడో నెలలో కోడలు కావేరి ఒంటేలుకు వెళితే మంటగా ఉందని సిగ్గుపడుతూ చెప్పినప్పుడు, వేడి చేసిందని అక్కడికక్కడే తేల్చేసింది. బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, పల్చటి మజ్జిగ మొదలయ్యాయి. నడుం నొప్పీ వేడే. చలిజ్వరం వస్తే, లోపలి వేడి బయటికి పోతోందంది. ఈ మజ్జిగకు బిడ్డ లోపలే ఈత నేర్చేసుకుంటుందని కొడుకు రాజేష్ వేళాకోళం ఆడాడు. ఆ మర్నాడే ఉమ్మనీరు పోయింది. తెనాలి ఆసుపత్రికి చేరిన కాసేపటికి, నెలలు నిండకుండానే, రెండు అరచేతుల్లో ఇమిడేంత ఆడపిల్ల పుట్టింది.

డాక్టర్ హేమ నెమ్మదిగానే చెప్పింది. కావేరికి మూత్రంలో ఇన్ఫెక్షన్ ముదిరి గర్భసంచి దాకా వాపు పాకింది. తల్లి ఒంట్లో అలాంటి వాపు ఉండి, పైగా ముందే పుట్టిన పిల్లల పేగులు మరీ లేతగా ఉంటాయి, వాచి చెడిపోయే ప్రమాదం ఎక్కువ. తల్లిపాలు తప్ప తేనె, పంచదార నీళ్ళు ఏవీ నోట్లో పడకూడదు.

"ఒక్క చుక్క కూడానా అమ్మా?"

"ఒక్క చుక్క కూడా వద్దు మామ్మగారూ. ఆ పొట్ట ఉబ్బిందంటే మన చేతుల్లో ఉండదు."

కనకరత్నం చెయ్యి బొడ్లో దోపుకున్న తేనెసీసా మీదే ఉండిపోయింది. తను తాగించిన బార్లీ గ్లాసులన్నీ కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి.

ఇంతలో బాపట్ల నుంచి వియ్యపురాలు అనసూయ తన తేనెసీసాతో దిగింది. రాజేష్ చెప్పిందంతా విని, ఏమీ విననట్టే మాట్లాడింది.

"మీరు వెనకాడితే నేను పెడతాను వదినగారూ. మా పిల్లలందరికీ పెట్టాం. ఎవరి పేగులు వాచాయి?"

ఇప్పుడు కాదంటే రేపల్లెలో తన పేరు పోతుంది. అవునంటే అనసూయ మొండితనం మనవరాలికి అంటుకుంటుంది. కానీ అద్దం అవతల ఆ చిన్న పొట్ట ఎగిరెగిరి పడుతుంటే, ఆ రెండూ కనకరత్నానికి గుర్తు రాలేదు.

"మీ పిల్లలు నెలలు నిండి పుట్టారు వదినగారూ. దీన్ని నేనే తొందరపెట్టాను. ఆ సీసా ఇలా ఇవ్వండి."

ఇచ్చేదాకా చాచిన చెయ్యి వెనక్కి తీయలేదు. క్యాంటీన్ నుంచి బ్రెడ్డు తెప్పించి రెండు తేనెలూ దాని మీదే పోసింది. షుగరుందని అనసూయ ముఖం తిప్పుకుంటే, మొత్తం తనే తినేసింది.

నర్సు వజీరా కావేరి ముర్రుపాలు దూదికి అద్ది తీసుకొచ్చింది. బిడ్డ బుగ్గ లోపల తుడవడానికట. అంటే తొలి రుచి ఈ నర్సుపిల్ల చేతిదే. కనకరత్నం తలుపు దగ్గర ఆపింది.

"అమ్మాయ్, నీకు కోపం ఎక్కువా?"

"ఎక్కువేనండి. ఒంట్లో బాగోలేకపోయినా దాచుకుని, ప్రాణం మీదికొచ్చాక పరిగెత్తుకొచ్చేవాళ్ళ మీద మరీ ఎక్కువ."

"అయితే నువ్వే పెట్టు తల్లీ. ఆ కోపం మా ఇంట్లో ఒక్కరికున్నా నా కోడలు ఎప్పుడో ఇక్కడికొచ్చేది."

ఆపైన రోజూ పొట్ట ముచ్చటే. ఒకనాటి పొద్దున డాక్టర్ వేళ్ళతో నొక్కి చూసి, మెత్తగా ఉందని, విరేచనం కూడా బాగానే అయిందని, పాలు పెంచవచ్చని చెప్పింది. కనకరత్నం వెంటనే రేపల్లెకు ఫోన్ చేసి, తన మనవరాలు దొడ్డికెళ్ళిందని వార్డంతా వినపడేలా చాటింది. వజీరా కళ్ళెర్రజేసి వరండాలోకి వేలు చూపించింది. కనకరత్నం బుద్ధిగా వరండాలోకి నడిచి, అవతలివాళ్ళకు మళ్ళీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.