చెంచాడు పొడికి నాలుగు చెంచాల తేనె

కొవ్వు కరిగించే పొడి తయారుచేసే మనిషి బరువు నూట నాలుగు కిలోలు. ఇందులో శాస్త్రవిరుద్ధమేమీ లేదు గానీ, వ్యాపారవిరుద్ధం మాత్రం బోలెడంత ఉంది. అందుకే యజమాని అతన్ని పంతొమ్మిదేళ్లుగా కొట్టు వెనక, దళసరి పరదా చాటున, మర పక్కనే ఉంచాడు. దాల్చినచెక్క, శొంఠి, మిరియాలు, జీలకర్ర ఎండబెట్టేదీ, మర పట్టేదీ, జల్లించేదీ అతనే. కొనేవాళ్ల కంట మాత్రం పడకూడదు. పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ అతను డ్రమ్ము.

మోకాళ్లు మొండికేసి, మర దగ్గర నిలబడటం కష్టమైపోయిన రోజుల్లోనే కొట్టు ముందర కూర్చుని పొట్లాలమ్మే కుర్చీ ఖాళీ అయింది. అడగక అడగక అడిగాడు.

"ఇస్తానయ్యా డ్రమ్మూ," అన్నాడు యజమాని. "కానీ నువ్వు కూర్చున్నాక కుర్చీ కూడా కనబడాలి కదా! మన పొడే వాడు. ఆర్నెల్లలో పదిహేను కిలోలు తగ్గు."

"తగ్గకపోతేనండీ?"

"మన పొడి పనిచెయ్యదని నువ్వే చాటినట్టు. అలాంటివాణ్ణి పనిలో ఎలా పెట్టుకోమంటావు?"

ఇంటికొచ్చి పొట్లం భార్య చేతికిచ్చాడు. ఆవిడ నాలిక మీద కాస్త వేసుకుని మొహం వికారంగా పెట్టింది.

"ఇన్నేళ్లూ చేస్తున్నారే, ఎప్పుడైనా నోట్లో వేసుకున్నారా?"

"లేదు."

"తెలివైనవారే."

పొట్లం మీద గోరువెచ్చని నీళ్లతో అని స్పష్టంగా రాసి ఉంది. కానీ ఆవిడకి అచ్చక్షరాల కంటే మొగుడి మొహం మీద నమ్మకం ఎక్కువ. చెంచాడు పొడికి నాలుగు చెంచాల తేనె పోసి, ఉండలు చేసి, గాజు సీసాలో పెట్టింది. పొద్దున రెండు, సాయంత్రం రెండు. నాలుగు నెలలకి అతను నూట ఏడు కిలోలయ్యాడు. యజమాని కాటానే అనుమానించి, రెండుసార్లు మార్పించాడు.

"మోతాదు చాలట్లేదేమోనండీ," అని ఆవిడ పూటకి మూడు చేసింది.

అయిదో నెలలో ఒక మధ్యాహ్నం ఆవిడ వంటింట్లో సీసా తుడుస్తూ, "కాస్త తల తిరుగుతోంది," అని కింద కూర్చుంది. మళ్లీ లేవలేదు. గుండె అన్నారు డాక్టర్లు. సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టాడు.

వారం తిరక్కుండానే పనికెళ్లాడు. సీసా మూత తియ్యలేదు. మానొద్దని ఆవిడ చెప్పింది గనక పొడి మాత్రం నీళ్లతో మింగేవాడు. ఘాటు తెలిసేది కాదు. అన్నం మానలేదు; తినమని ఎవరూ అనకపోతే ఎలా మొదలుపెట్టాలో తెలియలేదంతే. ఏడు వారాల్లో పద్దెనిమిది కిలోలు పోయాయి. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడింది.

"చూశావా! మన పొడి నెమ్మదిగా అందుకుంటుంది. అందుకుందా, ఇక వదలదు!" అని యజమాని పొంగిపోయాడు. పాత ఫొటో పక్కన కొత్తది తీయించి గోడకి తగిలించాడు. ఫొటో తీసేటప్పుడు కాస్త నవ్వమన్నాడు. అడిగినంత మేరకు అతను నవ్వాడు.

కుర్చీ దక్కింది. మోకాళ్లు సుఖపడ్డాయి. మిగతా మనిషి సంగతి ఎవరూ అడగలేదు.

ఒకరోజు ఒకావిడ వచ్చి ఫొటోలనీ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"మీరేనా అన్నయ్యా? అయితే మా ఆయనక్కూడా ఒకటివ్వండి. కానీ ఆయనకి ఘాటు పడదు, చిన్నపిల్లాడిలా పేచీ పెడతారు. తేనెలో కలిపి పెట్టొచ్చా?"

అతను అరలోంచి ఒక పొట్లం తీశాడు.

"పెట్టమ్మా."

"ఎంత కలపమంటారు?"

"చెంచాడుకి నాలుగు."

పరదా వెనక యజమాని దగ్గాడు.

"అమ్మో! అంత తేనె తింటే తగ్గుతారా?"

"తగ్గరమ్మా," అన్నాడు అతను. "నేను తగ్గలేదు. మా ఆవిడ పోయాక తగ్గాను."

దగ్గు ఠక్కున ఆగింది. అతను పొట్లాన్ని అరలో యథాస్థానంలో పెట్టి, మోకాలు పట్టుకుని లేచి, కుర్చీని గోడ వారగా జరిపాడు.