పట్టు కుల్లలు

చిట్యాలల మా గల్లీ ఆడోళ్లకు జాకెట్లు కుట్టే అత్త ఒకామె ఉండె. మిగిలిన గుడ్డ అడిగితే చాలు, మెడల టేపు సవరించుకుంట మనల్ని కిందికి మీదికి చూసి, "యాడ మిగుల్తది బిడ్డా? జర లావైనవ్" అనేది. ఆ మాటకు నేను నెల రోజులు రాత్రి అన్నం మానేసిన.

గప్పుడే మా చెల్లె కాన్పైతే సర్కారు దవాఖానకు పోయిన. పసిపిల్లలందరి నెత్తిల మీద రంగురంగుల కుల్లలు! మా చెల్లె బిడ్డ కుల్ల అచ్చం నా పెండ్లి జాకెట్ పట్టుగుడ్డ.

"ఒకామె సంచినిండ తెచ్చి పంచిపోతది, పేరు చెప్పది" అన్నది నర్సమ్మ.

ఫోన్ల ఫోటో తీసుకొని సక్కగ అత్త ఇంటికి పోయిన.

"గిదేంది అత్తా? అడిగితే నేనే ఇయ్యకపోదునా?"

అత్త జర గూడ జంకలే. "అడిగితే పాత గుడ్డలిస్తరు బిడ్డా. పుట్టినోళ్లకు పట్టుగుడ్డ ఎవలిస్తరు?"

నిజమే. నేను గూడ పాత లంగ గుడ్డనే ఇద్దును.

"నిలవడి చూస్తవేంది? గీ దారాలు కత్తిరియ్యి" అని కత్తెర నా చేతిల పెట్టింది. ఆమె బతికున్నన్ని రోజులు ఆ దొంగతనంల నాకు గూడ వాటా ఉండె.