మూడు టన్నుల తోడికోడలు

మా తోడికోడల్ని తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. దాచుకోవడం ఎందుకు? ఇరవై ఏళ్ళు బట్టలు కుట్టి, గడప గడపా తిరిగి, కాళ్ళు అరగదీసుకుని వార్డు మెంబర్‌నయ్యాను నేను. మా మరిది పెళ్ళామో? పరీక్ష రాసింది, వంతెనల ఇంజనీరైంది. ఆ మహాతల్లికి ఒక్కడూ ఓటెయ్యలేదు. అయినా మా ఇంటికి ఎవరొచ్చినా "ఇంజనీరమ్మ ఉన్నారా?" అనే అడుగుతారు. మా అత్తగారైతే మరీనూ, అది వచ్చేదాకా కంచం ముందు కూర్చోదు.

మా కాలువ మీద పాత ఇనుప వంతెన ఉంది. మూడు టన్నులు దాటిన బండి ఎక్కకూడదని మా తోడికోడలు బోర్డు పెట్టించింది. దాంతో లారీలు చుట్టూ తిరిగి రావాలి, మార్కెట్‌కి చేరేసరికి కూరగాయలు సగం వాడిపోతాయి. "గెలిపించండి, లారీలు వంతెన మీదుగా తెప్పిస్తా" అని మాటిచ్చే గెలిచాను. ఆ మాట పోతే ఇంక నా మొహం ఎవరు చూస్తారు?

అందుకే కౌన్సిల్లో తీర్మానం పెట్టాను. మూడు కొట్టేసి ఐదు. పద్నాలుగు చేతులు లేచాయి. ఫైలు పట్టుకుని గోడవారగా నిలబడ్డ తోడికోడలు, "చేతులెత్తితే ఇనుముకి బలం రాదక్కా" అంది. హాలంతా గొల్లుమంది. నా తీర్మానానికి ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు, దాని మాటకి నవ్వులా!

"అయితే జనం మాటకి విలువ లేదంటావా?" అని అరిచాను.

"ఎందుకు లేదు? కొత్త వంతెన కట్టమని తీర్మానించండి. రేపే ప్లాను గీస్తా" అంది తాపీగా.

మర్నాడు పెయింటర్ చేత బోర్డు మీద ఐదు వేయించాను. మొదటి లారీ మా ఆయనదే. నిండా సరుకుతో వచ్చి వంతెన మొదట్లో ఆపేశాడు. మార్కెట్ వాళ్ళంతా నా వెనకే ఉన్నారు.

"ఎక్కించండి!" అన్నాను.

ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "మరదలు సంతకం పెట్టిందా?" అన్నాడు.

"కౌన్సిల్ ఒప్పుకుంది. నేను చెబుతున్నాగా!"

"నువ్వడిగావని ఎన్నికల్లో ఓటేశాను. బండి ఎక్కించాలంటే మాత్రం తను చెప్పాలి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన బండి వెనక్కి తిప్పుకుని పోతుంటే ఒక్కరూ ఆపలేదు. అప్పుడు ఆ ఐదుని చూస్తే నిజంగా నాకే భయమేసింది. పెయింటర్ని పిలిచి, మళ్ళీ మూడు వేసెయ్యమన్నాను.

అతను బుర్ర గోక్కుంటూ, "ఇంజనీరమ్మని ఓ మాట అడిగి వెయ్యనా అండీ?" అన్నాడు.

"అడుగు నాయనా, అడుగు" అన్నాను.