ఆయన నడక వేగం

డాక్టరుగారు అడిగింది మా ఆయన్ని. "ఇలా మెల్లగా నడవడం ఎప్పటి నుంచండీ?" అని. ఆయన నోరు తెరిచేలోపు నేనే చెప్పేశాను.

"మొదట్నుంచీ అంతేనండి. పెళ్లయిన కాడ్నించీ సూస్తన్నాను. మనిషే నిమ్మళం."

డాక్టరుగారు తలూపి మోకాళ్లకు మాత్రలు రాసిచ్చారు. మా ఆయన ఏమీ అనలేదు. చొక్కా గుండీని కాజాలోకి దూర్చుకుంటున్నారు. అదీ ఆలస్యమవుతుంటే ఆయన చెయ్యి తోసేసి నేనే పెట్టాను. బయట షేర్ ఆటో నిండిపోతోంది, బేగి నడవండి అని కసిరాను కూడా.

ఏడాదిన్నర తిరిగాక విశాఖపట్నంలో ఇంకో డాక్టరు చూసి, అది మోకాళ్లది కాదు, నరాల జబ్బు అన్నారు. నడక తగ్గడంతోనే మొదలవుతుందట. అప్పుడే పట్టుకుని ఉంటే ఇంకొన్నేళ్లు తన అన్నం తాను కలుపుకుని తినేవారట. ఆ తర్వాత రెండేళ్లు ఆయనకి నేనే తినిపించాను. పోయిన ఏడు వెళ్లిపోయారు.

పదో రోజు పనులన్నీ అయ్యాక, రోలుగుంటలో ఉండే మా అమ్మాయి నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అమ్మా, డాక్టరుతో అలగెందుకు సెప్పేవు? నాన్న మెల్లగా నడిసే మనిషేటి?"

"కాదేటి మరి? ఏనాడైనా నాతో సమానంగా నడిసేరా?"

"నీతో ఎవులు నడుస్తారు? నువ్వు పొయ్యి మీద పాలెట్టి వొచ్చినట్టు నడుస్తావు. నా సిన్నప్పుడు తోటకి ఎల్లినప్పుడు నాన్న ఎనకాల నాను పరిగెత్తీదాన్ని."

"సిన్నపిల్లవి. నీ అడుగులు సిన్నవి. అలగే అనిపిస్తాది."

అది లేచిపోయింది. అప్పటి నుంచి ఆదివారం ఫోను చేస్తే వాళ్ల అన్నతో మాట్లాడి పెట్టేసేది. నేను డాక్టరుకి తప్పు చెప్పానని దాని మనసులో పడిపోయింది. నాకు అబద్ధమాడే అలవాటు లేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పానని అనుకుంటూనే ఉన్నాను. అయినా ఒక్కోసారి అంట్లు తోముతూ ఆయన నడకని తలచుకునేదాన్ని. ఎంత వెనక్కి వెళ్లినా గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తున్న మనిషే కనిపించేవారు. చూశావా, నేను చెప్పింది నిజమే అనుకుని మళ్లీ గిన్నె తోముకునేదాన్ని.

సంవత్సరీకం దగ్గర పడింది. ఆ రోజు వచ్చినవాళ్లకి తాతని టీవీలో చూపించాలని నా మనవరాలు పట్టుబట్టింది. మా అబ్బాయి కూతురు. డిగ్రీ అయ్యాక ఇంట్లోనే ల్యాప్‌టాప్ పెట్టుకుని ఫంక్షన్ల వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. మా అమ్మాయి పెళ్లి క్యాసెట్టు బీరువాలో ఉంటే తీసుకెళ్లి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చింది.

ఆ క్యాసెట్టు సంగతి చెప్పాలి. పెళ్లినాడు స్టూడియో అతను రెండు క్యాసెట్లవుతాయన్నాడు. ఒక్కదాంట్లోనే సర్దమన్నాను. అయితే భోజనాలు తీసేయాలమ్మా అన్నాడు. అది కుదరని పని. పెళ్లి క్యాసెట్టు రాగానే చుట్టాలు ఒక్కొక్కరూ వచ్చి తాము ఎక్కడున్నామో చూసుకునే రోజులవి. బంతిలో కూర్చుని తిన్న మనిషి అందులో కనపడకపోతే, మన ఇంట్లో ఇంకో శుభకార్యానికి గడప తొక్కడు. అందుకే వీడియో అతను బంతి బంతికీ ఈ చివర నుంచి ఆ చివరి వరకు ప్రతి ముఖం మీదా లైటు వేసుకుంటూ నడుస్తాడు. ఇంట్లోవాళ్లని మాత్రం తీయనివ్వలేదు నేను. రోజూ చూసుకునే మొహాలే కదా, వాటికి రీలెందుకన్నాను. చివరికి అతనే ఒక ఉపాయం చెప్పాడు. భోజనాలు తీసేయకుండా జోరుగా తిప్పేస్తానన్నాడు.

"తిప్పేయి. తినీవోల్ని గంటలు గంటలు ఎవుడు సూస్తాడు" అన్నాను.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తే, మూడు గంటల క్యాసెట్టులో మా ఆయన నడుస్తూ కనపడింది ఆ భోజనాల దగ్గరే, ఒకే ఒక్కసారి. కన్యాదానం అప్పుడు ఉన్నారు గానీ పీటల మీద కూర్చుని ఉన్నారు. ఇక్కడ సాంబారు బకెట్టు పట్టుకుని బంతి వెనక నుంచి వెళ్తున్నారు. బంతిలో అందరూ ఉడతల్లా నములుతున్నారు. నా పక్కన కూర్చుని చూస్తున్న మా అబ్బాయి పగలబడి నవ్వుతున్నాడు. అంతలో వాళ్ల నాన్న ఈ మూల నుంచి ఆ మూలకి గాలికి ఎగిరినట్టు దాటిపోయారు. వాడి నవ్వు ఆగిపోయింది.

"రెండు సెకన్లు" అంది మనవరాలు. "కంగారు పడకు మామ్మా. ఆ స్టూడియోవోడు ఫాస్టు పెట్టేసేడు. నాను స్లో సేసి మామూలుగా తెస్తాను."

"ఎంత సెయ్యాలో నీకు తెలుసేటి?"

"అదే తెల్దు. ఎంత ఫాస్టు పెట్టేడో ఎక్కడా రాసి లేదు కదా. తాత ఎలగ నడిసీవారో నీకు తెలుసు, నువ్వు సెప్పు."

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. నూరు అంటే ఉన్నది ఉన్నట్టు, యాభై అంటే అందులో సగం జోరు అని చెప్పింది. అరవై పెట్టింది. తగ్గించమన్నాను. యాభై పెట్టింది. ఇంకా తగ్గించమన్నాను. ముప్పై అయిదు. ఇంకా. పాతిక దగ్గర ఆపమన్నాను.

"ఇదే. ఇదే మీ తాత."

అడుగు తీసి అడుగు వేస్తున్నారు, స్నానాల గదికి వెళ్లేటప్పుడు వేసినట్టే. పాదాలు మాత్రం అలుక్కుపోయినట్టు ఉన్నాయి. అదేమిటని అడిగాను.

"ఫాస్టు పెట్టినప్పుడు మధ్యలో బొమ్మలు పోయేయి మామ్మా. లేనివాటిని కంప్యూటరే ఊహించుకుని అతికిస్తాది."

నాకది నచ్చలేదు. కానీ నడక సరిపోయింది. ఇన్నాళ్లుగా గుండె మీద ఉన్న బరువు దిగినట్టయింది. నేను చెప్పింది నిజమే, వీడియోలో కూడా ఉంది.

"మీ అత్తకి పంపు. ఇప్పుడే పంపు" అన్నాను.

పంపే ముందు ఇంకోసారి నడిపించింది. ఈసారి ఆయన్ని కాదు, ఆయన పక్కన చూశాను. ఎవరో ఒకావిడ జగ్గుతో గ్లాసులో నీళ్లు పోస్తోంది. జగ్గు మూతి నుంచి నీళ్లు ఆముదంలా సాగుతూ దిగుతున్నాయి. గ్లాసులోకి చేరడం లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నీళ్లు పోస్తున్నదాన్ని, అలా దిగే నీళ్లు నేను చూడలేదు.

మనవరాలు అది చూడలేదు, మా అబ్బాయీ చూడలేదు. ఊరుకుంటే అది అలాగే వెళ్లిపోయేది.

"ఆగవే" అన్నాను.

వంటింట్లోకి వెళ్లి స్టీలు జగ్గు, బకెట్టు తెచ్చి ల్యాప్‌టాప్ పక్కనే నీళ్లు పోయడం మొదలుపెట్టాను. మా కోడలు గుమ్మంలోకి వచ్చింది.

"అత్తయ్యా, హాల్లో నీళ్లేటి? నిన్న గచ్చు తడిసిందని నన్నే తిట్టేరు."

"నానే తుడుస్తాన్లే. ఎల్లు."

ఆయన్ని చూస్తే మళ్లీ నాకు నచ్చిన నడకే సరైందనిపిస్తుందని, తెర మీద ఆయన నడిచే వైపు ఒక అట్టముక్క అడ్డం పెట్టాను. నీళ్లు మాత్రమే చూడమన్నాను. నేను జగ్గు వంచాను, మనవరాలు నంబరు మార్చింది. ముప్పై అయిదు దగ్గర ఇంకా ఆముదమే. నలభై దగ్గర నూనె. యాభై పెట్టగానే తెర మీద నీళ్లూ నా నీళ్లూ ఒకేలా పడ్డాయి. అనుమానం తీరక ఇంకో రెండుసార్లు పోసి చూశాను.

"యాభై మామ్మా. డబుల్ ఫాస్టు పెట్టేడు, అంతే."

అట్టముక్క తీశాను.

ఆయన నడుస్తున్నారు. ఒక చేతిలో నిండు బకెట్టు, రెండో చేతిలో గరిటె. ఎవరిదో కాలు అడ్డమొస్తే ఒంటిని పక్కకి తిప్పుకుని, చుక్క ఒలకకుండా నాలుగు సెకన్లలో ఆ మూల దాటేశారు. నేను కూడా అంత జోరుగా నడవలేను. ఆ మనిషి పక్కన నడిస్తే వెనకబడేది నేనే.

ఆయన ఎప్పుడు నెమ్మదించారో నాకు తెలియదు. కాపురానికి వచ్చిన రోజు నుంచీ బేగి, బేగి అంటూనే ఉన్నాను. జోరుగా ఉన్న మనిషినీ అన్నాను, కాలు కదలని మనిషినీ అదే మాట అన్నాను. నిజంగా నడక తగ్గిన రోజు అది వేరే రోజులా నాకు కనపడలేదు. డాక్టరుగారు అడిగితే నా కసురునే ఆయన నడకగా చెప్పాను.

"మామ్మా, ఇలగైతే నాలుగు సెకన్లే వస్తాది" అంది మనవరాలు. "సంవత్సరీకానికి పాతికదే పెడదాం. అందరూ బాగా సూస్తారు."

"యాభై ఉంచు."

"మరీ సిన్నదైపోతాది మామ్మా."

"సిన్నదైతే అవనీ. అలగే ఉంచు."

గచ్చు తుడిచి, బకెట్టులో నీళ్లు తులసికీ కరివేపాకుకీ పోసి వచ్చి, మా అమ్మాయికి నేనే ఫోను చేశాను. సంవత్సరీకానికి ఏం తేవాలని అడిగింది, పొడిగా. ఏమీ వద్దన్నాను.

"నాను డాక్టరుకి తప్పు సెప్పేనే" అన్నాను. "మీ నాన్న జోరుగానే నడిసీవారు. ఇప్పుడే సూసేను."

అవతల తలుపేసుకున్న చప్పుడు వినపడింది.

"నాన్నని నాను అప్పుడే అడిగేనమ్మా" అంది. "డాక్టరు దగ్గిర అమ్మ అలగ సెప్తంటే నువ్వెందుకు ఊరుకున్నావని."

"ఏటన్నారు?"

"మీ యమ్మ అంత గట్టిగా సెప్పిందంటే అలగే అయ్యుంటాదిలే, నాకే గుర్తు లేదేమో అన్నారు."

ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను. ఇద్దరిలో ఎవరమూ పెట్టేయలేదు.